దానం కాదు, బాకీ

పసిఫిక్ సముద్రంలో టువాలు దీవులు మునుగుతున్నాయంటే, 'ప్రకృతి వైపరీత్యం, ఎవరేం చేస్తారు?' అని నిట్టూర్చే పెద్దమనుషులున్నారు. వారితో నాకు పేచీ ఉంది. బొగ్గూ చమురూ తవ్వి లాభానికి తగలబెట్టింది ప్రకృతి కాదు. ఆ పొగకు భూమి వేడెక్కింది, మంచు కరిగింది, వేడికి సముద్రజలం ఉబ్బింది. టువాలు నేల మొత్తం 26 చదరపు కిలోమీటర్లు. ఎక్కడా 5 మీటర్ల ఎత్తు లేదు. చేమదుంపలు పండే గుంటల్లోకి ఉప్పునీరు దిగుతోంది.

2023లో ఆస్ట్రేలియా టువాలుతో ఒడంబడిక చేసుకుంది. ఏటా 280 మందికి చోటిస్తుందట. సంతోషం! కాని అదే కాగితంలో మరో షరతు: రక్షణ విషయాలలో టువాలు మరే దేశంతో చేయి కలపాలన్నా ఆస్ట్రేలియా ఒప్పుకోవాలి. బొగ్గు ఎగుమతిలో ముందు వరుసనున్న దేశం, నీడ ఇచ్చి స్వాతంత్ర్యాన్ని తాకట్టు పట్టుకుంటే, దానిని ఔదార్యమనడం నాకు చేతకాదు.

'వాళ్ళే కదా సంతకం పెట్టింది?' అంటారు. షావుకారు ముందు అప్పులరైతు వేసే వేలిముద్రను స్వేచ్ఛ అంటామా?

2019లో వనువాటులో చదువుతున్న కొందరు న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ తగవును అంతర్జాతీయ న్యాయస్థానం ఎక్కించాలని పూనుకున్నారు. వాతావరణాన్ని కాపాడడం రాజ్యాల చట్టబద్ధమైన విధి అనీ, తప్పితే నష్టపరిహారం చెల్లించవలసి రావచ్చుననీ 2025 జూలైలో ఆ న్యాయస్థానం చెప్పింది. అది సలహాయే, అమలు జరిపించే బంట్రోతు లేడు. అయినా దానమన్నది బాకీ అయింది.

ఆస్ట్రేలియా బొగ్గు మన ఉక్కు కొలుముల్లోనూ మండుతోంది. కనుక విద్యార్థులారా, ఉపాధ్యాయులారా, లెక్క అడగడం మన ఇంటినుంచే మొదలుపెడదాం.