చేవ్రాలు – వెల

అమెరికాలో ఫుట్‌బాల్ ఆటగాండ్ర బొమ్మచీట్లను, వారి చేవ్రాళ్లతో సహా సేకరించుట గొప్ప వేడుక. అంతకు మించిన వ్యాపారము. కొన్ని చీట్లను ఆటగాడు తాకనైన తాకడు. జిగురుకాగితపు ముక్కలపై అతడు వరుసగా చేసి పంపిన సంతకములను కంపెనీవారే అంటింతురు! చేవ్రాలన్న మాటలోనే చేయి యున్నది గదా. అడిగినవానికిని వ్రాసినవానికిని నడుమ క్షణకాలపు పరిచయమైన నుండవలదా? గాంధీజీ సంతకమునకు అయిదు రూపాయలు పుచ్చుకొనెడివారు. కాని ఆ సొమ్ము హరిజననిధికి చేరెడిది.

1895లోనే వినుకొండలో జాషువా, నాగపురమున తెలుగింట సి.కె. నాయుడు జన్మించిరి. నాయుడు 1932లో భారత తొలి టెస్టు నాయకుడయ్యెను. పల్నాటి యిండ్లలో జాషువా చేవ్రాలున్న కావ్యప్రతు లింకను ఉండవచ్చును. విద్యార్థులారా, పాతపుస్తకములను తూకమునకు వేయకముందు మొదటిపుట తిప్పి చూడుడు. సంతకము కనబడినచో, అది ఎవరికి, ఎట్లు లభించెనో తాతగారి నడిగి వేరొక కాగితముపై వ్రాసి అందుంచుడు.