మోగినంత మాత్రాన కాపలా కాదు

డేటాబేసుల మానిటరింగ్ విషయంలో మన ఐటీ రంగంలో ఒక నమ్మకం పాతుకుపోయింది: ఎన్ని అలర్టులు పెడితే అంత భద్రత. కొత్త సర్వర్ రాగానే టూల్‌లో ఉన్న కొలతలన్నీ ఆన్ చేస్తారు. హద్దులు డీఫాల్టుగా ఎలా వచ్చాయో అలాగే ఉంచేస్తారు. మెయిళ్లు టీమ్ మొత్తానికీ వెళ్లేలా పెట్టి, పని అయిపోయిందంటారు. ఇది భద్రత కాదు. ఆలోచించి తేల్చాల్సిన పనిని నైట్ షిఫ్టులో ఉన్న మనిషి నెత్తిన రుద్దడం.

ఒరాకిల్‌నే తీసుకోండి. టేబుల్‌స్పేస్ 85 శాతం నిండితే వార్నింగ్, 97 శాతం నిండితే క్రిటికల్ అన్నది దాని డీఫాల్టు. 100 జీబీ టేబుల్‌స్పేస్ 97 శాతం నిండిందంటే మిగిలింది 3 జీబీ. ఒక పెద్ద బ్యాచ్ జాబ్ దాన్ని నిమిషాల్లో తినేస్తుంది. అదే 10 టీబీ టేబుల్‌స్పేస్‌లో ఇంకా 300 జీబీ ఖాళీ ఉంటుంది. నెలకు 5 జీబీ చొప్పున పెరిగేదైతే ఐదేళ్లు వస్తుంది. ఈ రెండింటికీ ఒకే ఎర్ర రంగు, ఒకే ఫోన్ కాల్. తెలుసుకోవాల్సింది ఎంత నిండిందని కాదు, ఇంకా ఎన్నాళ్లు వస్తుందని. ఆ లెక్క డీఫాల్టు చెప్పదు. ఆ డేటాబేస్ తెలిసినవాళ్లే వేయాలి.

స్టేటస్ మార్పుల సంగతీ ఇంతే. హద్దు 85 దగ్గర పెట్టి, సీపీయూ 84కీ 86కీ మధ్య ఊగుతుంటే తెల్లవార్లూ వార్నింగ్, క్లియర్, మళ్లీ వార్నింగ్. దీనికి మందు ఎప్పటినుంచో ఉంది. నాగియోస్ వరసగా కొన్నిసార్లు చెక్ చేసి, సమస్య నిజమని తేలాకే కబురు పంపగలదు. జాబిక్స్‌లో మోగే హద్దు వేరుగా, ఆగే హద్దు వేరుగా పెట్టుకోవచ్చు. ప్రొమీథియస్‌లో ఇంతసేపు నిలిస్తేనే మోగాలని రాయవచ్చు. చేతిలో ఉన్న ఈ సదుపాయాలను ముట్టుకోకుండా మెయిళ్ల వరద గురించి వాపోవడం న్యాయం కాదు.

"ఒక్కటి తప్పిపోతే నష్టం ఎవరు భరిస్తారు? వంద అనవసరంగా మోగినా ఫర్వాలేదు" అంటారు. ఈ భయం అబద్ధమని నేననను. కానీ ఆ ఒక్కటీ తప్పిపోయేది ఆ వందలోనే. రోజూ పనికిరాని మెయిళ్లు వందలు వచ్చిపడుతుంటే ఎవరైనా వాటిని ఒక ఫోల్డర్‌లోకి మళ్లిస్తారు. అది అజాగ్రత్త కాదు, బతకడానికి చేసే పని. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా క్లయింట్ల డేటాబేసులను రాత్రంతా చూసుకునే డీబీఏలను అడగండి, చెబుతారు. కొలతలను ఎన్నైనా సేకరించి దాచండి, తర్వాత కారణం వెతకడానికి పనికొస్తాయి. మనిషిని నిద్ర లేపడం వేరే నిర్ణయం.

ఇక అసలు ప్రమాదం మోగనివాటిలో ఉంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు పొరపాటున ప్రధాన డేటాబేస్ డైరెక్టరీని తుడిచేశారు. బ్యాకప్ కోసం చూస్తే, వెర్షన్ల తేడా వల్ల రోజువారీ బ్యాకప్ ఫెయిలవుతూ వస్తోందని తేలింది. ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లను మెయిల్ సర్వరే తిప్పికొడుతోంది. చివరికి దాదాపు ఆరు గంటల డేటా పోయింది. అక్కడ అలర్టు లేక కాదు, అది చేరక. కబురు రాకపోతే అంతా క్షేమమే అనుకున్నారు.

మైఎస్‌క్యూఎల్‌లోనూ ఇదే గొయ్యి ఉంది. రెప్లికా ఎన్ని సెకన్లు వెనకబడిందో చెప్పే విలువ, రెప్లికేషన్ ఆగిపోయినప్పుడు నల్ అవుతుంది. 300 దాటితే మోగమని మాత్రమే రాసిన రూల్ దృష్టిలో నల్ ఎప్పటికీ 300 దాటదు. ఆలస్యమైతే మోగుతుంది, పూర్తిగా ఆగిపోతే మోగదు. అందుకే డేటా రాకపోవడాన్ని కూడా ఒక స్టేటస్‌గా లెక్కపెట్టాలి, దానికీ హద్దు ఉండాలి.

నేను కోరేది కష్టమైనదేమీ కాదు. ప్రతి అలర్టుకూ ఒక బాధ్యుడు, మోగగానే చెయ్యాల్సిన పని రాసి ఉండాలి. హద్దు మారిస్తే ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో నమోదు కావాలి. మెయింటెనెన్స్ కోసం మ్యూట్ చేసేటప్పుడే అది ఎప్పుడు తొలగాలో కూడా పెట్టాలి. నెలల తరబడి మోగినా ఎవరూ ఏమీ చెయ్యని అలర్టును తీసెయ్యాలి. ఎన్ని అలర్టులు పెట్టామో గొప్పగా చూపించే రిపోర్టులను మేనేజర్లు అడగడం మానాలి. వచ్చినవాటిలో ఎన్నింటికి పని జరిగిందో అడగాలి. చెయ్యడానికి పనేమీ లేనప్పుడు అర్ధరాత్రి ఒకరి ఫోన్ మోగించే హక్కు ఏ కంపెనీకీ లేదు.