కుజుడి మీది మచ్చల రాయి

కుజుడంటే మన ఇళ్ళలో పెళ్ళి సంబంధాలప్పుడే గుర్తొస్తాడు, దోషం ఉందా లేదా అని. 2025 సెప్టెంబరులో మాత్రం మా ఫ్యామిలీ గ్రూపులో 'అక్కడ జీవం దొరికిందోచ్' అని మెసేజ్ వచ్చింది. దొరకలేదండీ. దొరికింది ఒక రాయి. ఆ రాయిని భూమికి తేవాల్సిందేనని నా వాదన.

నాసావాళ్ళ పర్సెవరెన్స్ రోవర్ 2021 ఫిబ్రవరిలో జెజెరో అనే 45 కిలోమీటర్ల గుంతలో దిగింది. 350 కోట్ల ఏళ్ళ కిందట అదొక సరస్సు, ఒక ఏరు వచ్చి అందులో కలిసేది. చెరువు ఎండితే అడుగున ఒండ్రు మిగులుతుంది కదా, అలాంటిదే గట్టిపడి రాయైంది. 2024 జూలైలో ఆ పాత ఏటి దారిలో ఒక రాతి మీద మచ్చలు కనిపించాయి. మధ్యలో లేత రంగు, చుట్టూ నల్లటి అంచు. చిరుతపులి మచ్చలని పేరు పెట్టారు.

ఆ మచ్చల్లో వివియనైట్, గ్రీగైట్ అనే ఇనుప ఖనిజాలు ఉన్నట్టు రోవర్ పరికరాలు చెబుతున్నాయి. మన దగ్గర వివియనైట్ బురదలో, ఆకూ అలమూ కుళ్ళే చోట ఏర్పడుతుంది. గ్రీగైట్‌ను కొన్ని సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. రాతిలో కర్బన పదార్థం కూడా ఉంది. జీవం లేకుండానూ ఇవి ఏర్పడొచ్చు, కాకపోతే మామూలుగా బాగా వేడో, ఆమ్లమో కావాలి. ఆ రాయి అంత వేడి చూసిన ఆనవాళ్ళు లేవు. అయినా ఏడాదికి పైగా పరిశీలించి, జీవపు గుర్తు అయ్యుండొచ్చు అని మాత్రమే నేచర్ పత్రికలో రాశారు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. 1996లో అంటార్కిటికాలో దొరికిన కుజ ఉల్క గురించి అధ్యక్షుడు క్లింటనే టీవీలో మాట్లాడారు, తర్వాత చాలామంది శాస్త్రవేత్తలు ఆ వాదనను ఒప్పుకోలేదు.

తేల్చాలంటే రాయి మన ల్యాబులకు రావాలి. రోవర్ దాన్ని తొలిచి, గొట్టంలో పెట్టి సీలు వేసింది కూడా. తెచ్చే ఖర్చు 1100 కోట్ల డాలర్లదాకా పోతుందని లెక్క తేలాక, 2025లో అమెరికా ప్రభుత్వం పథకమే మానేద్దామంది. అంత డబ్బుతో ఎంతమందికి అన్నం పెట్టొచ్చో అన్నారు మా ఆయన. ఇల్లు నడిపేదాన్ని, ఆ లెక్క నాకూ తెలుసు. కానీ మిగిలిన డబ్బు అన్నం గిన్నెలోకే వెళ్తుందని హామీ ఎవరిచ్చారు? చవకైన దారి వెతకండి, ఆలస్యమైనా సరే. వెతికి, తవ్వి, డబ్బాలో పెట్టుకుని అక్కడే వదిలేయడమేంటి? చైనా 2028లో నౌక పంపి మట్టి తెస్తానంటోంది, సంతోషం. ఈ మచ్చల రాయి మాత్రం అందులో ఉండదు.

చివరికి ఏమీ లేదని తేలితే అని మా అమ్మాయి అడిగింది. తేలనీ! నీళ్ళూ, ఒండ్రూ, కర్బనమూ అన్నీ ఉండి కూడా అక్కడ ఏదీ పుట్టకపోతే, అదెందుకో నాకు తెలుసుకోవాలనుంది. మీకు లేదూ?