పసిరికలు తగ్గిన తరువాత

కన్నుల పసుపు పోగానే "గండము గడిచినది" అని నిశ్చింతగా ఉండుట మన ఇండ్లలో వాడుక. మందుల వలన వచ్చిన పసిరికల విషయమున, అనగా కామెర్ల విషయమున, ఈ నిశ్చింత తగదని నా అభిప్రాయము.

జగిత్యాల, కోరుట్లలలో చాట ముందు వంగి బీడీలు చుట్టు తల్లులు, సిరిసిల్లలో రోజంతయు సాంచెల నడుమ నిలుచు సోదరులు, ఒళ్ళు నొప్పులకు దుకాణములో గోలి అడిగి మ్రింగుట నిత్యము చూచుచున్నాను. పారాసిటమాల్ మితముగా వాడిన మంచి మందే. దానిలో కొంత భాగము కాలేయమున విషముగా మారును. గ్లూటాథయోన్ అను పదార్థము ఆ విషమును విరిచివేయును. మోతాదు మించినప్పుడు, జలుబు బిళ్ళలోను అదే మందున్నదని తెలియక రెండును కలిపి మ్రింగినప్పుడు, గ్లూటాథయోన్ తరిగిపోయి కాలేయకణములు నశించును. క్షయకు వాడు ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ కూడ కొందరి కాలేయమును దెబ్బతీయగలవు.

కాలేయమునకు తిరిగి పెరుగు శక్తి కలదు. అయినను దెబ్బ గుర్తు కణములలో మిగులవచ్చును. జన్యువులోని అక్షరములు మారవు. ఏ జన్యువు పనిచేయవలెనో, ఏది ఊరకుండవలెనో తెలుపు మిథైల్ గుర్తుల వంటివి మారును. పద్దుల పుస్తకమున అంకెలు అవే యుండి, ప్రక్కన పెట్టిన గుర్తులు మారినట్లు. ఈ శాస్త్రమునే ఎపిజెనెటిక్స్ అందురు.

కాలేయమున నక్షత్రకణములు కలవు. దెబ్బ తగిలినప్పుడు ఇవి మేల్కొని మచ్చకట్టు నారను తయారుచేయును. అందులో పై గుర్తులకు పాత్ర కలదు. 2012లో ప్రకటితమైన పరిశోధనలలో చిట్టెలుకలకు కార్బన్ టెట్రాక్లోరైడ్ ఇచ్చి, పిమ్మట ఆపి చూచిరి. ఈ కణములు కొన్ని నశించినవి, కొన్ని శాంతించినవి. శాంతించినవి పూర్వస్థితికి పూర్తిగా చేరలేదు. రెండవ దెబ్బకు మరింత త్వరగా మేల్కొన్నవి. ఎలుకల సంగతి మనుష్యులకు యథాతథముగా అన్వయింపరాదు గాని, హెచ్చరికగా గ్రహింపవచ్చును.

చరకసంహిత చికిత్సాస్థానము 16వ అధ్యాయమున, కామల కాలాంతరమున గట్టిపడి కుంభకామల యగుననియు, అది కష్టసాధ్యమనియు ఉన్నది. మహర్షులకు మిథైల్ గుర్తులు తెలియునని నేననను. రోగశేషము ప్రమాదకరమని మాత్రము వారెరిగిరి. కన్ను తెల్లబడిన తరువాత కూడ మా గురువుగారు పథ్యము విడువనిచ్చెడివారు కారు.

ఇక మనవారి తప్పు కూడ చెప్పవలెను. "చెట్టుమందు గదా, హాని లేదు" అనుట సరికాదు. తిప్పతీగ వాడిన కొందరికి కాలేయమునకు హాని కలిగినదని 2021లో ముంబయి వైద్యులు ప్రకటించిరి. ఆయుష్ మంత్రిత్వ శాఖ దానిని అంగీకరింపలేదు. ఆ వాదము ఎట్లున్నను, ఒకసారి దెబ్బతిన్న కాలేయముపై పేరు తెలియని పసరు పోయుట సాహసమే.

కావున ఏ మందు వలన పసిరికలు వచ్చినవో కాగితముపై వ్రాసి దాచుకొనుడు. డాక్టరుకైనను, మావంటి వైద్యునికైనను మొదట దానినే చూపుడు. మద్యము, కల్లు మానుడు. క్షయ మందులను స్వయముగా ఆపకుడు. కన్నులు పచ్చబడినను, మూత్రము ముదురురంగైనను ఆ దినముననే ఆసుపత్రికి పోయి రక్తపరీక్ష చేయించుకొనుడు. పసిరికలను మనము మరచినను, కాలేయము మరువకపోవచ్చును.