రేటు తగ్గినా నేర్చుకునే చోటికే

హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టులు చేసినవారు పర్మనెంట్ ఉద్యోగానికి మారతామంటే ఇంటా బయటా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: చేతికొచ్చే డబ్బు ఎవరైనా వదులుకుంటారా? అందులో న్యాయం లేకపోలేదు. సొంతంగా ఇన్‌వాయిస్ ఇచ్చే నిపుణుడికి 10 శాతం టీడీఎస్ పోను మిగతాదంతా ఖాతాలో పడుతుంది. ఏడాది రాబడి 75 లక్షలు దాటకుండా, అందులో నగదు 5 శాతం మించకుండా ఉంటే సగాన్నే ఆదాయంగా చూపుకొనే వెసులుబాటూ ఉంది. జీతం మీద బతికేవారికి అది లేదు. అయినా ఆ తేడాను వదులుకోవడమే ఇవాళ చాలామందికి మేలు. కాంట్రాక్టు వచ్చిన పనికి డబ్బిస్తుంది. రాని పని నేర్చుకునే తీరిక ఇవ్వదు.

కంపెనీల బిల్లులు, లెక్కలు నడిపే శాప్ సాఫ్ట్‌వేర్ రంగాన్ని చూస్తే ఈ సంగతి స్పష్టంగా తెలుస్తుంది. తన పాత సాఫ్ట్‌వేర్ ఈసీసీ 6.0కు ప్రధాన మద్దతు 2027 చివరితో ముగుస్తుందని, అదనంగా చెల్లించేవారికి 2030 దాకా ఇస్తామని శాప్ సంస్థ 2020లోనే ప్రకటించింది. దాంతో పెద్ద కంపెనీలు 2015లో వచ్చిన ఎస్/4 హానాకు తరలుతున్నాయి. ఆ తరలింపు ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా పాత సిస్టం ఆగకూడదు, బిల్లులు పడాలి, నెలాఖరు లెక్కలు తేలాలి. పని అక్కడే రెండుగా చీలుతుంది. కొత్త సిస్టం కట్టే బృందంలో సాధారణంగా సొంత ఉద్యోగులను కూర్చోబెడతారు. పాతదాన్ని నడుపుతూ వచ్చిన ఫిర్యాదులను (టికెట్లను) పరిష్కరించే పనికి వెండార్ ద్వారా కాంట్రాక్టు మనుషులను తెచ్చుకుంటారు. నిన్నటి పనిలో ఆరితేరడమే వారికి అడ్డుగోడ అవుతుంది.

ఈ రెండు పనుల మధ్య దూరం చిన్నది కాదు. పాత పద్ధతిలో శాప్ సొంత భాష అబాప్‌లో రాసే ప్రోగ్రామర్ డేటాబేస్ నుంచి రికార్డులన్నీ అప్లికేషన్ సర్వర్‌లోకి లాగి, ఇంటర్నల్ టేబుల్‌లో పోసి, లూప్ తిప్పుతూ ఒక్కో వరుస లెక్క కట్టేవారు. హానాలో డేటా మెమరీలోనే ఉంటుంది కాబట్టి లెక్క కిందే, డేటాబేస్‌లోనే చేయించి ఫలితాన్ని మాత్రం పైకి తెస్తారు. అందుకు సీడీఎస్ వ్యూలు అనే డేటాబేస్ నిర్వచనాలు రాయడం రావాలి. వాటి సింటాక్స్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్ కోర్సులో వచ్చేస్తుంది. కోట్ల వరుసలున్న టేబుల్ మీద మనం రాసిన వ్యూ నెలాఖరు రాత్రి చతికిలబడితే ఎక్కడ సరిదిద్దాలి, ఏ పాత ప్రోగ్రామును తిరగరాయాలి, దేన్ని తీసి పారేయాలి అన్నది మాత్రం డెమో సిస్టం నేర్పదు. అలాంటి నిర్ణయాలు తీసుకునే బృందంలో ఉండి, తప్పు చేసి, దిద్దుకుంటేనే అబ్బుతుంది. ఇంటర్వ్యూలో గట్టిగా అడిగేదీ ఆ అనుభవాన్నే.

కాంట్రాక్టు మనుషులకు కంపెనీలు ఎందుకు నేర్పవు? రేపు వెళ్లిపోయేవారి మీద ఖర్చు దేనికన్నది ఒక కారణం. రెండోది చట్టం భయం. అమెరికాలో మైక్రోసాఫ్ట్ ఏళ్ల తరబడి తాత్కాలిక సిబ్బందితో పనిచేయించుకుంది. ఉద్యోగులకు నీలం బ్యాడ్జీ, వీరికి నారింజ బ్యాడ్జీ. తామూ ఉద్యోగులమేనంటూ వారు 1992లో కోర్టుకెక్కారు. 2000లో ఆ సంస్థ 9.7 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. తాత్కాలిక సిబ్బంది పని కాలానికి ఏడాది హద్దు, ఆపై తప్పనిసరి విరామం పెట్టింది. కాంట్రాక్టు మనిషిని సొంత మనిషిలా చూస్తే రేపు హక్కులు అడుగుతారన్న జాగ్రత్త మన దగ్గరి కార్పొరేట్ కార్యాలయాల్లోనూ ఉంది. ట్రైనింగ్ మెయిల్ వారికి రాదు, ఆర్కిటెక్చర్ సమావేశానికి పిలుపు అందదు.

మన చట్టాలూ ఈ లోటు పూడ్చలేదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు నిర్ణీత కాల ఉద్యోగికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ ఇచ్చాయి. అది మంచి మార్పు. రిట్రెంచ్‌మెంట్‌కు గురైన కార్మికుడి కోసం యజమాని 15 రోజుల వేతనాన్ని రీస్కిల్లింగ్ నిధికి జమచేయాలనీ చెప్పాయి. అయితే ఆ సాయం పని పోయాక వచ్చేది. పనిలో ఉండగా నేర్చుకునే దారి ఎవరికి వారు వెతుక్కోవాల్సిందే.

అందుకే ఎక్కువ రేటును చూసుకుని అదే పనిలో మరో మూడేళ్లు గడపడం విత్తనపు గింజలు వండుకు తినడమే. ఈ ఏటికి కడుపు నిండుతుంది, వచ్చే ఏటికి చల్లడానికి ఏమీ మిగలదు. గిరాకీ ఉన్నన్నాళ్లు రేటు బాగానే కనిపిస్తుంది. క్లయింటు కొత్త సిస్టం మీద గో లైవ్ అయిన నెలలో పాత టికెట్ల పనికి మనుషులే అక్కర్లేదంటారు.

పర్మనెంట్ అన్న మాటలో భద్రత ఎంత అని అడిగేవారికి గట్టి జవాబే ఇవ్వాలి. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతాన్ని, సుమారు 12 వేల మందిని తగ్గిస్తామని ప్రకటించింది. ఎక్కువగా మధ్యస్థాయి, సీనియర్ ఉద్యోగులే అందులో ఉంటారని చెప్పింది. కాబట్టి భద్రత కోసం మారితే నిరాశ తప్పకపోవచ్చు. పర్మనెంట్ పేరుతో మళ్లీ అదే టికెట్ల క్యూలో కూర్చోబెట్టే కంపెనీలకూ కొదవ లేదు. అలాంటి చోటికి జీతం తగ్గించుకుని వెళ్లడం రెండు విధాలా నష్టం. మారేది నేర్చుకోవడానికైతే బేరం కూడా దానిమీదే సాగాలి.

హైక్ ఎంత అని అడిగినంత పట్టుదలగా మొదటి ఆరు నెలలు ఏ ప్రాజెక్టులో వేస్తారో అడగాలి. కోడ్ ఎవరు రివ్యూ చేస్తారు? డిజైన్ చర్చల్లో చోటుంటుందా? సర్టిఫికేషన్ ఖర్చు కంపెనీ భరిస్తే దానికి బాండ్ ఉందా? నోటీస్ పీరియడ్ 90 రోజులా? వీలైతే హెచ్‌ఆర్‌తో సరిపెట్టకుండా చేరబోయే బృందంలోని ఒకరితో మాట్లాడాలి. ఇచ్చిన మాట మెయిల్‌లో రాయించుకోవాలి. జవాబులు దాటవేస్తే అక్కడ నేర్పేది లేదనే అనుకోవాలి.

అందరూ మారాలని కాదు. ప్రతి కాంట్రాక్టులో కొత్త ఇంప్లిమెంటేషన్ దొరికే నిపుణులకు బయటే చదువు సాగుతోంది. ఇంటి ఈఎంఐ మెడ మీద ఉన్నవారికి జీతం కోత కొన్నాళ్లు అసాధ్యం కావచ్చు. వారు కనీసం రాబోయే కాంట్రాక్టునైనా కొత్త పని ఉన్నచోట, కొంచెం తక్కువ రేటుకైనా ఎంచుకోవాలి.

కంపెనీలకూ ఒక మాట. ఈసీసీ నుంచి హానాకు మారేటప్పుడు పెద్ద తలనొప్పి జెడ్ అక్షరంతో మొదలయ్యే సొంత ప్రోగ్రాములు. ఏది ఏ విభాగం వాడుతోంది, ఏ నిబంధన కోసం రాశారు అన్నది పత్రాల్లో దొరకదు. ఏళ్లుగా ఆ టికెట్లు మూసిన కాంట్రాక్టు మనిషికి తెలుసు. ఆ మనిషిని పంపేసి కొత్తవారిని వెతకడం కంటే పర్మనెంట్‌గా తీసుకుని హానా నేర్పించడం తెలివైన పని. విదేశీ కంపెనీల సామర్థ్య కేంద్రాల (జీసీసీల) కోసం పోటీపడే రాష్ట్ర ప్రభుత్వాలు కూడా ఉద్యోగాల సంఖ్యతో పాటు కాంట్రాక్టు సిబ్బందికి ఎంత శిక్షణ ఇస్తున్నారో ఆ సంస్థలను అడగాలి.

మారాలనుకున్నవారు కాంట్రాక్టు ముగిసేదాకా ఆగవద్దు. పని చేతిలో ఉన్న మనిషి షరతులు పెట్టగలడు; ఖాళీగా కూర్చున్న మనిషి ఏ ఆఫర్ వస్తే దానికే తలూపాలి. నేర్చుకునే అవకాశాన్ని జీతంతో సమానంగా బేరమాడే బలం ఈ ఒక్క ఘడియలోనే ఉంటుంది. రేటు బాగున్న రోజునే దాన్ని వాడుకోవాలి.