బిడ్డ కడుపులోని సేద్యము



మన పల్లెలలో బిడ్డ బక్కచిక్కినచో తల్లి దిగులుపడును. బొద్దుగా నున్నచో ఇరుగుపొరుగువారు మెచ్చుకొందురు. ఈ రెండవ తలంపును మార్చుకొనవలసిన కాలము వచ్చినది. ప్రపంచమునందలి 5 మొదలు 19 ఏండ్ల వయసువారిలో తక్కువ బరువుగలవారికంటె స్థూలకాయులే ఎక్కువైరని 2025లో యూనిసెఫ్ సంస్థ మొట్టమొదటిసారిగా ప్రకటించినది. మన తెలంగాణమునందైతే, ఐదవ జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 33 మందికి వయసుకు తగిన ఎత్తు లేదు. ఒక వంక ఎదుగని బిడ్డలు, మఱియొక వంక అతిగా బరువెక్కు బిడ్డలు. ఈ రెండు కీడులును ఒకే కంచమునుండి పుట్టుచున్నవనియు, ఆ కంచమును చక్కదిద్దుట సహకార సంఘముల పనియే యనియు మా యభిప్రాయము.

కడుపులో జరుగు పని రైతునకు తెలియని వింత గాదు. కంది వేళ్ళ బుడిపెలలో కంటికి కానరాని సూక్ష్మజీవులుండి గాలిలోని నత్రజనిని పైరునకు అందించుచున్నవి. మన పెద్దపేగులోను అట్టి జీవులు కోటానుకోట్లు కలవు. మనము జీర్ణించుకొనలేని పీచును అవి పులియబెట్టి కొన్ని ఆమ్లములను తయారుచేయును. అవి పేగుగోడకు పోషణ నిచ్చును. ఆకలి తీరినదని మెదడునకు తెలుపు రసములను పుట్టించుటకును తోడ్పడును. చేనిలో మందగట్టి ఎరువు వేయకున్నచో నేల నిస్సారమగునట్లే, పీచు అందనిచో ఈ జీవులు క్షీణించును. మేలుచేయు జీవులకు మేతయగు ఇట్టి ఆహారమునకు 1995లో గిబ్సన్, రోబర్‌ఫ్రాయిడ్ అను శాస్త్రజ్ఞులు 'ప్రీబయాటిక్' అని పేరు పెట్టిరి. పెరుగు, మజ్జిగలలోని జీవులు విత్తనము వంటివి. ప్రీబయాటిక్ ఎరువు వంటిది.

దీనివలన బిడ్డల బరువు తగ్గునా? కెనడా దేశపు కాల్గరీ నగరమున 7 మొదలు 12 ఏండ్ల వయసుగల 42 మంది అధికబరువు పిల్లలపై జరిగిన పరీక్షాఫలితములు 2017లో వెలువడినవి. దినమునకు 8 గ్రాముల ఇనులిన్ జాతి పీచును 16 వారములు పుచ్చుకొన్న పిల్లలకు, పుచ్చుకొననివారితో పోల్చగా, ఒంటి కొవ్వు కొంత తగ్గినది. మేలు కలదు గాని అద్భుతము గాదు, చూచినవారును కొద్దిమందియే. పిల్లవాడు తీపి పానీయములు త్రాగుచు, చరవాణి ముందునుండి కదలకున్నచో ఏ పీచును వానిని కాపాడజాలదు.

ఇట్టి పొడులను డబ్బాలలో నింపి అధిక ధరకు అమ్ముచున్నారు. రైతు వానిని కొననక్కఱలేదు. ఇనులిన్ మన ఉల్లిగడ్డలోను ఎల్లిగడ్డలోను కలదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలను చూడుడు: నూరు గ్రాముల తెల్లబియ్యములో పీచు 2.8 గ్రాములు, జొన్నలలో 10.2, సజ్జలలో 11.5, కందిపప్పులో 9.1. మన తాతలు తిన్న రొట్టె, గటక, అంబలి ఎంతటి సొత్తో దీనినిబట్టి తెలియగలదు.

ఆ సొత్తు ఎట్లు చేజారినది? 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. సాగరు కాలువల క్రిందను, బోరుబావుల క్రిందను వరి విస్తరించినది. మెట్టచేలను ప్రత్తి ఆక్రమించినది. ఆకలి తీర్చిన బియ్యమును మేము నిందింపము. కాని కంచములో బియ్యమొక్కటే మిగిలి, సాయంకాలపు పల్లీల స్థానమున ఉప్పు, నూనె, చక్కెర నిండిన పొట్లములు చేరినవి. కందులు పండించు నారాయణపేట ప్రాంతపు రైతు సైతము పంటనంతయు అమ్మివేసి బిడ్డకు పొట్లము కొనియిచ్చుట న్యాయమా?

జొన్న వేయుమన్నచో రైతులు చెప్పు కష్టము మాకు తెలియును. ఊరిలో ఒక్క చేనే జొన్న యైనచో పిట్టలన్నియు దానిమీదనే వ్రాలును. ఇది ఒంటరి రైతు తీర్చుకొనలేని చిక్కు, కలసినచో తీరును. కావున సంఘములకు మా సూచన లివి: పది కుటుంబములవారు ప్రక్కప్రక్క చేలలో తలకొక అరయెకరము జొన్నయు, నడుమ కందిసాళ్ళును ఒకే అదనున విత్తవలయును, కాపలా వంతులవారీగా పంచుకొనవలయును. వడ్లు కొను సంఘమే ఇంటి ఖర్చు పోగా మిగిలిన జొన్నలను కొని, ఎరువుల బస్తాల ప్రక్కగాక వేఱు గదిలో నిలువచేసి, సభ్యులకు అసలు ధరకే అమ్మవలయును.

తల్లులకు రెండు మాటలు. పీచును ఒక్కసారిగా పెంచినచో కడుపు ఉబ్బును. కొద్దికొద్దిగా పెంచి నీరు బాగుగా త్రాగింపుడు. చిక్కిన బిడ్డకు రొట్టె, గటకలతో కడుపు నింపినంత చాలదు. నెయ్యి, పల్లీలు, గ్రుడ్డు, పప్పు తప్పక చేర్పవలయును. బొద్దుబిడ్డను పస్తుంచరాదు, నలుగురిలో ఎగతాళి చేయరాదు. పొట్లము మాన్పి ఆటకు పంపుడు. అంగన్‌వాడీలోనో, ఆరోగ్యకేంద్రమునందో ఎత్తు, బరువు చూపించి సలహా పొందుడు. జొన్నరొట్టె బిడ్డ ముట్టడందురా? ముందు తండ్రి తినవలయును. పిమ్మట బిడ్డ తినును.

విత్తుటకు ముందు జరుగు సర్వసభ్య సమావేశమున అప్పుల లెక్కతోబాటు ఈ విషయమునుగూడ చర్చింపుడు. నేలకు ఎరువు తరుగకుండ చూచుకొను రైతు తన బిడ్డ కడుపును బీడు పెట్టరాదు.