మూడు మాటలు మారితే ఖయామత్ రాదు భాయ్



మా దుల్హాభాయ్‌ది పాశమైలారంలో షిఫ్టు నౌకరీ. ఇంటి రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేయిద్దామని పటాన్‌చెరులో ఒక దుకాణానికి తీసుకెళ్లారు. ఆ అబ్బాయి కావాలనే పాత వెర్షన్ ఎక్కించాడు. ఎందుకంటే, "కొత్తదాంట్లో నా కమాండ్లు నడవట్లేదు భాయ్" అన్నాడట. అతని ఆదత్ కోసం మా ఆపా ఇంటికి పాత తాళమా?

మామ్లా ఇదీ. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అంటే రౌటర్‌లో నడిచే ఉచిత లినక్స్. 2004లో మొదలైంది. అందులోకి అదనపు సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టే ప్రోగ్రాం ఇన్నాళ్లూ ఓపీకేజీ. 2024 నవంబర్‌లో డెవలపర్లు దాని జాగాలో ఆల్పైన్ లినక్స్ వాళ్ల ఏపీకేను తెచ్చారు. 24.10 సిరీస్ వరకు పాతది, 25.12 నుంచి కొత్తది. ఫోన్‌లో వేసుకునే ఏపీకే వేరు, ఇది వేరు. పేరొక్కటే ఒకటి.

"మంచిగా నడిచేదాన్ని ఎందుకు కదపాలి?" అంటారు. మంచిగా నడిచిందా? 2017 నుంచి 2020 దాకా ఓపీకేజీలో ఒక లోపం ఉండేది. ప్యాకేజీ చెక్‌సమ్‌ను, అంటే సీలును, సరిచూడకుండానే లోపలికి రానిచ్చేది. దారిలో కాచుకున్నవాడు నకిలీ సరుకు పంపే వీలుండేది. మన పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలో బ్యాచ్ నంబర్ చూడకుండా డబ్బాలు పంపితే ఊరుకుంటామా? ఆ లోపాన్ని 2020లో సరిచేశారు, నిజమే. కానీ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాడే ఓపీకేజీని చూసుకునేవాళ్లే లేకుండా పోయారు. వారిసులు లేని ఇంట్లో రేపు పైకప్పు కారితే మరమ్మతు ఎవరు చేస్తారు?

ఇంతకీ నేర్చుకోవాల్సింది ఎంత? "ఓపీకేజీ" అన్నచోట "ఏపీకే", "ఇన్‌స్టాల్" బదులు "యాడ్", "రిమూవ్" బదులు "డెల్". "అప్‌డేట్" అప్‌డేటే. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని నేను. నాకు లిపే మారింది. మూడు మాటలకు ఇంత జిద్దా?

ఒక్క జాగ్రత్త మాత్రం ఫర్జ్ అనుకోండి. మామూలుగా అప్‌గ్రేడ్ చేస్తే సెట్టింగులు ఉంటాయి గానీ, మనం విడిగా వేసుకున్న ప్యాకేజీలు పోతాయి. ముందే వాటి పేర్లు కాగితం మీద రాసుకోండి, బ్యాకప్ తీసుకోండి. మీ రౌటర్ మోడల్‌కు కొత్త వెర్షన్ ఉందో లేదో చూసుకోండి.

అమ్మీ బ్యాంకు లావాదేవీ, పిల్లల పాఠాలు, గల్ఫ్‌లో ఉన్న అబ్బా వీడియో కాల్, అన్నీ ఆ చిన్న డబ్బా గుండానే పోతాయి. దాన్ని మన చేతిలో పెట్టినవాళ్లు మనకు అమానత్ ఇచ్చినట్టే. దుకాణం పెట్టుకున్న తమ్ముళ్లారా, మీ బద్ధకానికి "పాతదే పక్కా" అని పేరు పెట్టకండి.